చలికాలం శొంఠి టీ: ఏది ముందు, ఏది వెనక

అనంతపురంలో చలి అంటే లంబసింగి వాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. తొమ్మిది నెలలు ఎండకు మాడి, మజ్జిగ మీద బతికే ఒంటికి డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలంటే చిన్న సంగతి కాదు. హిందూపురం, మడకశిర పక్కకు పోతే చలి ఇంకో మెట్టు ఎక్కువ. ఆ నేల మైసూరు పీఠభూమి అంచున, మా ఊరికంటే బాగా ఎత్తులో ఉంది. ధనుర్మాసంలో గుడి మైకు మోగే వేళకు దుప్పటి తీయాలంటే మనిషికి ఏదో ఒక ఆశ ఉండాలి. మా ఇంట్లో ఆ ఆశ శొంఠి టీ.

ఇదేమీ ఎవరికీ తెలియని వంట కాదు. టీ పొడి, పాలు, నాలుగు దినుసులు. అయినా చాలా ఇళ్ళలో ఒకటే తప్పు చూస్తాను. అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి, ఒక పొంగు రాగానే వడగట్టేస్తారు. లేదా పావుగంట ఉడికించి వడగడతారు. మొదటి పద్ధతిలో శొంఠి దిగదు. రెండోదాంట్లో యాలకుల వాసన వంటింటి కిటికీలోంచి వీధిలోకి పోయుంటుంది, టీ పొడి వగరెక్కి ఉంటుంది. దినుసులకు డబ్బులు పెట్టి కొంటాం, గ్లాసులోకి మాత్రం రావు. ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది. ఆ వరస పట్టుకుంటే కొలత కొంచెం అటూ ఇటూ అయినా టీ చెడదు.

ముందు నీళ్ళ సంగతి

టీ గురించి చెబుతూ నీళ్ళ దగ్గర మొదలుపెట్టడం వింతగా ఉందంటే మీది మా జిల్లా కాదన్నమాట.

బోరు నీళ్ళతో ఒకసారి టీ పెట్టి చూడండి. ఎర్రగా మెరవాల్సిన డికాక్షన్ చెరువు నీళ్ళలా మసకగా ఉంటుంది. చల్లారేకొద్దీ పైన సన్నటి తెట్టు కడుతుంది. అది మీగడ అనుకుంటాం. పాలు పోయని టీలోనూ కడుతుంది కాబట్టి మీగడ కాదు. నీళ్ళలోని సున్నపు లవణాలు, టీలోని వగరు పదార్థాలు కలిసి కట్టే పొర అది. రోజూ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడేది కూడా ఆ సున్నమే.

తెట్టు రుచిని మాత్రమే చెడగొడుతుంది. దానికంటే గట్టిగా పట్టించుకోవాల్సింది ఫ్లోరైడు. మా జిల్లాలో చాలా ఊళ్ళ భూగర్భజలంలో అది ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకు పైపులు వేసిన కారణాల్లో అదొకటి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. "కాచినాం కదప్పా, అంతా పోయింటాది" అనే మాట చాలాసార్లు విన్నాను. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు ఎక్కడికీ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. పైగా టీ చెట్టు కూడా నేలలోని ఫ్లోరైడును లాగి ఆకుల్లో నింపుకునే రకం. అంటే బోరు నీళ్ళ టీ రెండు వైపుల నుంచీ వడ్డిస్తుంది. టీకి కుళాయి మంచినీళ్ళో, ఆర్వో ప్లాంటు క్యాను నీళ్ళో వాడండి. బోరు నీళ్ళు గిన్నెలు తోమడానికి ఉంచుకోండి.

అంగట్లో ఏం చూడాలి

శొంఠి కొమ్ము చేతిలోకి తీసుకుని విరవండి. టప్పున విరగాలి, లోపల కొంచెం పీచు, ఘాటైన వాసన ఉండాలి. వంగితే తేమ పట్టినట్టు. సన్నటి బొక్కలు కనబడితే పురుగు లోపల కాపురం పెట్టినట్టే. మరీ తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంటే అది నిజంగానే సున్నం పట్టించిన సరుకు. మట్టిరంగు కొమ్ములే తీసుకోండి, చూడ్డానికి బాగోకపోయినా.

మిరియాలు కొన్ని నీళ్ళలో వేసి చూడండి. మంచి గింజ మునుగుతుంది. తేలేవి తాలు గింజలైనా అయ్యుంటాయి, ఎండిన బొప్పాయి విత్తనాలైనా అయ్యుంటాయి. లవంగాలకూ ఇదే పరీక్ష. నూనె తీసేసిన లవంగం తేలుతుంది, నిండుగా ఉన్నది అడుగుకు పోతుంది. దాల్చిన చెక్క పేరుతో అంగళ్ళలో ఎక్కువగా దొరికేది మందపాటి, గరుకైన పట్ట. అసలు దాల్చిన చెక్క కాగితం చుట్టలా పొరలు పొరలుగా, గోటితో గిల్లితే పొడి అయ్యేలా ఉంటుంది. టీలో రెండూ పనిచేస్తాయి. మందపాటి దాంట్లో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. కాబట్టి రోజూ తాగేవాళ్ళు చెక్కను చేయి బిగబట్టి వేసుకోవడం మేలు.

టీ పొడికి ఒక చిన్న పరీక్ష. తెల్ల కాగితం రుమాలు మీద చిటికెడు పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, పొడి దులిపేసి వెలుతురులో చూడండి. ముదురు మరకలు గీతలుగా పరుచుకుంటే రంగు కలిపినట్టు.

నాలుగు గ్లాసులకు

ఇక్కడ గ్లాసు అంటే బంకులో ఇచ్చే బుల్లి గాజు గ్లాసు కాదు, సుమారు 125 మిల్లీలీటర్లు పట్టే ఇంటి గ్లాసు. నీళ్ళు రెండున్నర గ్లాసులు, చిక్కటి పాలు రెండు గ్లాసులు. మరిగేటప్పుడు అర గ్లాసు దాకా ఆవిరైపోయి లెక్క నాలుగుకు వస్తుంది. శొంఠి బొటనవేలి గోరంత ముక్కలు రెండు, పచ్చి అల్లం ఒక అంగుళం, మిరియాలు 8, లవంగాలు 3, చెక్క ఒక అంగుళం, యాలకులు 4. టీ పొడి మూడు చిన్న చెంచాలు. తురిమిన బెల్లం నాలుగు చెంచాలతో మొదలుపెట్టి మీ నాలుకను బట్టి సర్దుకోండి.

శొంఠి ఉండగా అల్లం ఎందుకని అడుగుతారు. రెండూ ఒక మొక్క దుంపే, కానీ పని వేరు. పచ్చి అల్లం ఘాటుకు కారణమైన జింజరాల్, ఎండేటప్పుడు కొంతవరకు షోగాల్‌గా మారుతుంది. షోగాల్ ఇంకా ఘాటు. అందుకే శొంఠి మంట గొంతు దిగినాక కూడా కాసేపు నిలబడుతుంది. పచ్చి అల్లానికి ఆ నిలకడ లేదు, దానికి నిమ్మలాంటి తాజా వాసన ఉంది, అది శొంఠికి లేదు. పచ్చిది ముక్కుకు, ఎండినది గొంతుకు. రెండింటిలో ఒకటే ఉంటే చలికాలం శొంఠికే నా ఓటు.

ఇంకో మాట. ఈ టీ తాగితే ఒళ్ళు వెచ్చబడినట్టు ఉంటుంది కదా, జ్వరమానిలో మాత్రం ఆ వేడి కనబడదు. శొంఠి, మిరియం నోట్లో, గొంతులో వేడిని పసిగట్టే నరాలను తట్టి లేపుతాయి. నిప్పు లేకుండానే వేడి తగిలిందని అవి కబురు పంపుతాయి. అబద్ధపు కబురే, కానీ పుష్యమాసం ఉదయం అయిదు గంటలకు ఆ అబద్ధం చాలా బాగుంటుంది.

దంచడం, పెట్టడం

కల్వం ఉంటే కల్వం, లేదంటే చిన్న రోలు. మిక్సీ వద్దు, ఒక పూటకు వేసే ఇంత సరుకు బ్లేడుకు అందదు. ముందు శొంఠి ఒక్కటే వేసి నలగ్గొట్టండి, అదే మొండిది. కచ్చాపచ్చాగా అయినాక మిరియాలు, చెక్క, లవంగాలు వేసి మిరియం రెండు మూడు ముక్కలయ్యేదాకా దంచితే చాలు. మెత్తటి పొడి చేస్తే జాలీలోంచి దిగి గ్లాసు అడుగున బురదలా కూర్చుంటుంది. ఈ మిశ్రమం పక్కన తీసిపెట్టి అల్లం వేరేగా చితక్కొట్టుకోండి. యాలకులు చివర్లో దంచాలి, ఇప్పుడు కాదు. గింజ పగిలిన నిమిషం నుంచే వాసన పోవడం మొదలవుతుంది.

శొంఠి మిశ్రమాన్ని చల్లటి నీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. ఎండిన దినుసులు నీళ్ళతో పాటు మెల్లగా వేడెక్కితే బాగా నానుతాయి. మరుగు రాగానే మంట సిమ్‌లో పెట్టి, మూత వేసి, ఆరేడు నిమిషాలు వదిలేయండి. మొత్తం వంటలో ఓపిక అడిగేది ఈ ఒక్క చోటే. నీళ్ళు పలుచటి తేనె రంగుకు తిరిగి, మూత తీస్తే ముక్కులో గుచ్చినట్టు ఉండాలి. ఆ గుచ్చుడు రాకపోతే ఇంకో రెండు నిమిషాలు.

ఇప్పుడు అల్లం. మూడు నిమిషాలు మరగనివ్వండి. అల్లం నీళ్ళలో ఉడకడం గురించి మా అవ్వ చిన్నప్పుడే చెప్పింది. "అల్లం నీళ్ళల్లో ఉడకల్ల అబ్బీ, పాలల్లో కాదు. పాలల్లో ఏస్తే ఇరిగిపోతాయి." విన్నాను, మర్చిపోయాను. మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థానికి తెల్లారక ముందే పది మంది దిగారు. నేను టీ పెడతానని పెద్దరికంగా వంటింట్లోకి పోయి, తొందర కోసం పచ్చిపాలలోనే రెండు గుప్పిళ్ళ అల్లం తురిమి పొయ్యి మీద పెట్టాను. రెండు లీటర్ల పాలు గుడ్డముక్కల్లా విరిగిపోయాయి. ఆ వేళప్పుడు పాల పాకెట్టు కోసం సైకిలు మీద ఊరంతా తిరిగింది కూడా నేనే. పెండ్లికొడుకు మేనమామ ఇప్పటికీ కనబడితే "ఏమప్పా, పాలకోవా బాగుండెనే" అంటాడు.

ఎందుకు విరుగుతాయంటే, పచ్చి అల్లంలో మాంసకృత్తులను తెంపే ఒక ఎంజైమ్ ఉంది. వేడెక్కుతున్న పాలలో అది చురుగ్గా పనిచేసి పాలను గడ్డ కట్టిస్తుంది. మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉడికితే అది చచ్చిపోతుంది, తర్వాత పాలు పోసినా భయం లేదు. అవ్వకు ఎంజైమ్ సంగతి తెలీదు, వరస తెలుసు.

అల్లం ఉడికినాక టీ పొడి. మనం వాడేది దాదాపు అంతా సన్నటి గుండ్ల పొడి, యంత్రాల్లో నలిపి, చించి, చుట్టిన రకం. రంగు, చిక్కదనం చటుక్కున దిగుతాయి. రెండు నిమిషాలు చాలు. "ఇంకా చిక్కగా కావాలి" అని ఎక్కువసేపు ఉడికించొద్దు, ఇంకో అర చెంచా పొడి వేయండి. ఎక్కువసేపు ఉడికితే వచ్చేది చిక్కదనం కాదు, వగరు. పెద్ద ఆకు టీ అయితే దాన్ని మరిగించనే కూడదు, అసలు మసాలా టీకి అది దండగ.

పాలు వేడిగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే గిన్నె చప్పున చల్లబడి, మళ్ళీ మరిగేదాకా టీ పొడి అందులోనే నానుతూ వగరెక్కుతుంది. పక్క పొయ్యి మీద కాచి పోయండి. పోసినాక మంట పెంచి ఒక పొంగు, తగ్గించి, మళ్ళీ ఒక పొంగు. మూడు నిమిషాలకు మించొద్దు. వెన్న తీసిన పాలతో ఈ టీ పెట్టి దినుసులను తిట్టొద్దు. మిరియం ఘాటు నీళ్ళలో అంతగా కరగదు, పాలలోని వెన్నే దాన్ని పట్టుకుని గొంతుదాకా తెస్తుంది. మాకు గేదె పాలు పోసే మనిషి ఉన్నన్నాళ్ళు ఎనిమిది మిరియాలతో సరిపోయేది, పాకెట్టు పాలకు మారినాక పది వేస్తున్నాను.

ఇక యాలకులు. తొక్కతో సహా దంచి గిన్నెలో వేసి, వెంటనే పొయ్యి ఆపి, మూత పెట్టి రెండు నిమిషాలు ముట్టుకోకండి. యాలకుల వాసన తేలిగ్గా ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది. గిన్నెలో తిరిగేది టీలోకి దిగుతుంది, మూత లేకపోతే మీ ఇంటికి వచ్చినవాళ్ళు "ఆహా, ఏం వాసన" అంటారు, తాగితే ఏమీ ఉండదు.

ఆ రెండు నిమిషాలు బెల్లానికీ పనికొస్తాయి. బెల్లం మరిగే పాలలో వేస్తే విరిగే ప్రమాదం ఉంది, కొన్ని బెల్లాలు కాస్త పులుపు. పొయ్యి ఆపి, మరుగు పూర్తిగా అణిగినాక వేసి కలిపితే విరగవు. మీ బెల్లం మీద అనుమానముంటే ముందు అర గ్లాసు టీలో వేసి చూడండి. లేదంటే బెల్లాన్ని రెండు చెంచాల వేడినీళ్ళలో కరిగించి గ్లాసుల్లో పోసి, పైన టీ వడగట్టండి. నలకలు కూడా అడుగునే ఆగిపోతాయి. హిందూపురం మండీ బెల్లమైనా, చిత్తూరు బెల్లమైనా నల్లటిదే తీసుకోండి. బంగారంలా మెరిసే బెల్లం చాలావరకు రసాయనంతో తెల్లబరిచినదే. చక్కెర వేసేవాళ్ళకు ఈ బాధలేవీ లేవు, టీ పొడితో పాటే వేసుకోవచ్చు. శొంఠికి బెల్లమే జోడీ అని నా పట్టుదల, అంతే.

గ్లాసులను ముందే వేడినీళ్ళతో తొలిపి పెట్టుకోండి. చలికి మంచులా ఉన్న స్టీలు గ్లాసులో పోస్తే టీ వేడి సగం గ్లాసే తాగేస్తుంది.

పాలు వద్దనుకుంటే

పడిశం పట్టి ముక్కు మూసుకుపోయినప్పుడు నాకు పాల టీ కంటే ఇదే నచ్చుతుంది. నాలుగు గ్లాసుల నీళ్ళలో అదే శొంఠి మిశ్రమం పది నిమిషాలు మరిగించి, అల్లం వేసి, పొయ్యి ఆపేటప్పుడు పది తులసాకులు తుంచి వేసి, టీ పొడి ఒక చెంచా మాత్రం వేసి మూత పెట్టండి. రెండు నిమిషాలకు వడగట్టి బెల్లం కలపండి. ఇక్కడ లవంగాలు రెండే, ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది. నిమ్మరసం పిండేవాళ్ళు గ్లాసులో పిండుకోండి, రంగు లేత ఎరుపుకు తిరుగుతుంది.

తెల్లవారుజామునే చేనికో, డ్యూటీకో పోయేవాళ్ళు ఫ్లాస్కులో ఇదే పోసుకుపోవడం మంచిది. పాల టీ ఫ్లాస్కులో రెండు గంటలు దాటితే ఉడికిన పాచి వాసన వస్తుంది. ఏదైనా వడగట్టకుండా మాత్రం ఫ్లాస్కులో పోయొద్దు.

రోజూ దంచే ఓపిక లేనివాళ్ళకు

శొంఠి 50 గ్రాములు, మిరియాలు 20, యాలకులు 20, దాల్చిన చెక్క 10, లవంగాలు 5 గ్రాములు. అన్నీ ఒక మధ్యాహ్నం ఎండలో పెట్టండి, ఎండకు మనకు కరువు లేదు. బాణలిలో వేయించొద్దు, నూనెలు అక్కడే పోతాయి. శొంఠిని రోకలితో ముక్కలు చేసినాకే మిక్సీలో వేయండి, కొమ్ములు అలాగే వేస్తే బ్లేడు వంగుతుంది. పట్టినాక జల్లించండి, శొంఠి పీచు పైన మిగిలిపోతుంది. గాజు సీసాలో, పొయ్యికి దూరంగా పెట్టుకుంటే సంక్రాంతి దాకా ఘాటు నిలుస్తుంది. రెండు గ్లాసులకు పావు చెంచా, నీళ్ళు మరిగేటప్పుడే వేయాలి. పొడి కాబట్టి మూడు నిమిషాలు చాలు. యాలకులు కావాలంటే దీంట్లో కలపకుండా విడిగా దంచుకోండి, చివరి వాసన దక్కుతుంది.

ఎవరు చూసుకుని తాగాలి

కడుపులో మంట, పుండు ఉన్నవాళ్ళు మిరియం, శొంఠి సగానికి తగ్గించి, ఏదైనా తిన్నాక తాగండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు రోజూ ఎక్కువ శొంఠి తినే ముందు డాక్టరును అడగండి. గర్భిణులు టీ, కాఫీ అన్నీ కలిపి రోజుకు కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళు మాత్రకూ టీకీ కనీసం గంట ఎడం పెట్టండి, అన్నం తిన్న వెంటనే కూడా వద్దు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. చిన్నపిల్లలకు టీ పొడి లేకుండా శొంఠి, బెల్లం, పాలు చాలు. దగ్గు, జ్వరం మూడు రోజులు దాటితే కల్వం పక్కన పెట్టి ఆసుపత్రికి పోవాలి, ఇది మందు కాదు.

పక్కన ఏం తినాలంటే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఉగ్గాని కారం మీద ఈ టీ పడితే చెవుల్లోంచి పొగ వస్తుంది, అంత వద్దనుకుంటే వేయించిన చెనిక్కాయలు గుప్పెడు.

వడగట్టినాక మిగిలిన పిప్పిని కరివేపాకు చెట్టు మొదట్లో వేస్తాం. నీళ్ళతో ఒకసారి కడిగి వేయండి. పాలు, తీపి అంటుకున్న పిప్పి అలాగే వేస్తే తెల్లారేసరికి కుండీ నిండా చీమలు.